చలి సంగతి తర్వాత, ముందు పాదాలు చూడండి

సంపాదకుల వారికి,

నమస్కారం. ఏటా మార్చి మొదట్లో అలాస్కాలో కుక్కలు మంచు మీద బండి లాగే ఇడిటరాడ్ పందెం మొదలవగానే మన పత్రికల్లో దాదాపు ఒకే రకం ఫొటో వస్తుంది. మూతి నిండా మంచు పేరుకున్న కుక్క, కింద గడ్డకట్టే చలిలో మూగజీవాల పరుగు అంటూ ఒక వ్యాఖ్య. చూసినవాళ్లలో కొందరు అయ్యో పాపం అనుకుంటారు. ఇంకొందరు అవి మంచులోనే పుట్టాయి, వాటికేం కాదులే అంటారు. స్లెడ్ (మంచు బండి) లాగే కుక్కలకు వైద్యం చేసేవాళ్లుగా మాకు తోచేదేమంటే, ఇద్దరూ చూడాల్సిన చోట చూడటం లేదు. మూతి మీద పేరుకున్న మంచు ఊపిరి తేమ గడ్డకట్టినదే, దానివల్ల కుక్కకు నష్టం లేదు. కుక్కను దెబ్బతీసేవి పాదాలు, నీళ్లు, కడుపు, ఎండ. ఇవన్నీ ఒక ఎత్తు, పందేలూ సవారీలూ లేని వేసవి నెలలు ఒక ఎత్తు.

ముందు ఎండ గురించి. పందేల్లో పరిగెత్తేవి ఎక్కువగా అలాస్కన్ హస్కీలు. ఇది కెన్నెల్ క్లబ్బులు గుర్తించిన జాతి కాదు. ఓర్పు, వేగం, గట్టి పాదాలు, చెడని ఆకలి చూసి తరతరాలుగా కలుపుతూ వచ్చిన సంకరం. బరువు 20 నుంచి 25 కిలోలు. పైన నీరు పట్టని పొడుగు వెంట్రుకలు, వాటి కింద ఒత్తైన మెత్తటి ఉన్ని. మైనస్ 20 డిగ్రీల్లో పొడి గడ్డి మీద ముడుచుకుని, తోక ముక్కు మీద కప్పుకుని హాయిగా నిద్రపోతుంది. అదే కుక్క మైనస్ 3 దగ్గర, నెత్తిన ఎండ కాస్తుంటే, బండి లాగుతూ అవస్థ పడుతుంది. పనిచేసే కండరం ఖర్చుపెట్టే శక్తిలో ఎక్కువ భాగం వేడిగానే బయటికి వస్తుంది. కుక్కకు చెమట గ్రంథులు అరిపాదాల్లో తప్ప పనికొచ్చేంతగా ఎక్కడా లేవు. వగరుస్తూ నాలుక మీది నుంచే వేడిని వదలాలి, ఆ పనిలో ఒంట్లో నీరు పోతుంది. మామూలుగా 38.5 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో ఉండే ఒంటి వేడి పరుగులో 40 దాటడం సాధారణం, 41 కూడా కనిపిస్తుంది. అంకె చూసి కంగారు పడనక్కర్లేదు. ఆగి పది పదిహేను నిమిషాలైనా అది దిగకపోతే మాత్రం కంగారు పడాలి.

అందుకే అనుభవమున్న మషర్లు, అంటే బండి తోలేవాళ్లు, మిట్టమధ్యాహ్నం కుక్కల్ని పడుకోబెట్టి రాత్రిళ్లు నడుపుతారు. వేడెక్కుతున్న కుక్క ముందుగానే చెబుతుంది. పరిగెత్తుతూనే పక్కకు వంగి పదేపదే మంచు కొరుక్కుంటుంది, నాలుక బాగా సాగి అంచులు వెడల్పవుతాయి, నడుముకు కట్టిన లాగుడు తాడు వదులవుతుంది. ఆ తర్వాత వెనకకాళ్లు తడబడతాయి. తాడు వదులైనప్పుడే వేగం తగ్గించి, ఆపి, అవసరమైతే ఆ కుక్కను విప్పి బండిలో ఎక్కించుకోవాలి. కాళ్లు తడబడేదాకా ఆగితే ఆలస్యమైనట్టే. మంచు చాలక ఇడిటరాడ్ అసలు పందెం ఆరంభాన్ని 2003, 2015, 2017, 2025 సంవత్సరాల్లో ఉత్తరాన ఫెయిర్‌బ్యాంక్స్‌కు మార్చాల్సి వచ్చింది. మంచు పలచబడిన దారి అంటే గట్టి ఐసు, బయటపడ్డ గడ్డి దుబ్బులు, పాదాలకు కోతలు, మణికట్టు బెణుకులు. అక్కడి కుక్కల విషయంలో ఇప్పుడు బెంగపడాల్సింది వెచ్చబడుతున్న చలికాలం గురించే.

చలి అసలు ఏమీ చేయదని కాదు. అది కొరికే చోట్లు వేరు. మగ కుక్కల జననాంగం, వృషణాలు, ఈమధ్యే పాలిచ్చిన ఆడ కుక్కల చన్నులు, పక్కల్లో బొచ్చు పలచగా ఉండే చోటు, చెవి కొసలు. ఎదురుగాలి వీస్తుంటే మగ కుక్కలకు పొత్తికడుపు కింద ఉన్ని లేదా బొచ్చు తొడుగు కట్టాలి. ఆగినప్పుడు ఒంటికి కోటు తొడగాలి. పరిగెత్తేటప్పుడు కోటు ఎప్పుడో గానీ అవసరం పడదు, వేసి వదిలేస్తే అదే వేడి ఎక్కిస్తుంది. చలికాటు తిన్న చర్మం మొదట పాలిపోయి చల్లగా, గట్టిగా ఉంటుంది, తర్వాత ఎర్రబడి వాస్తుంది. దాన్ని రుద్దకూడదు. గోరువెచ్చటి నీటితో మెల్లగా వేడి తెప్పించాలి, అదీ మళ్లీ గడ్డకట్టదన్న నమ్మకం ఉన్నప్పుడే. ఒకసారి కరిగి మళ్లీ గడ్డకట్టిన చర్మం మరింత పాడవుతుంది.

పాదాల గురించి ఎంత చెప్పినా తక్కువే. జట్టు గమ్యం చేరుతుందో లేదో తేల్చేవి అవే. బాగా చలి ముదిరినప్పుడు మంచు రవ్వలు ఇసుకంత గరుకుగా ఉండి అరిపాదాల్ని అరగదీస్తాయి. కాస్త వెచ్చగా ఉన్నప్పుడు తడి మంచు వేళ్ల మధ్య వెంట్రుకలకు పట్టి ఉండలు కట్టి, ఆ సందుల్లో చర్మాన్ని చీలుస్తుంది. చీలిక మొదట గోటితో గీసినంతే ఉంటుంది, పట్టించుకోకుండా 50 కిలోమీటర్లు నడిపితే కుంటు మొదలవుతుంది. అందుకని కార్డురా నైలాన్ గుడ్డతో కుట్టిన బూటీలు తొడుగుతారు. అడుగున రబ్బరు ఉండదు, సంచిలా ఉండి పైన వెల్క్రో పట్టీ ఉంటుంది. దాన్ని మణికట్టు కింద, కాలు సన్నబడే చోట చుట్టాలి. వదులైతే మంచు దూరి ఊడిపోతుంది. బిగిస్తే పాదానికి రక్తం ఆడక వేళ్లు వాస్తాయి, ఆ చలిలో రక్తం ఆడని పాదం చలికాటుకు సిద్ధంగా ఉన్నట్టే. కొత్తవాళ్లు చేసే తప్పు బిగించడమే, ఎందుకంటే ఊడిపోయిన బూటీ కంటికి కనిపిస్తుంది, వాచిన వేళ్లు లోపల ఉండి కనిపించవు. ముందుకాళ్లకు పైన ఉండే చిన్న వేలి గోరు పట్టీ కిందికి రాకుండా చూడాలి, లేకపోతే అక్కడ రాసుకుని పుండు పడుతుంది.

లెక్క చూడండి. 14 కుక్కలకు ఒక్కసారి తొడగాలంటే 56 బూటీలు. ఇరవై మజిలీల్లో మార్చితే 1,120. చేతి గ్లవుజు తీసేసి, మైనస్ 30లో, ఒక్కొక్కటీ తొడగాలి. ఈ పని విసుగనిపించినవాడు జట్టు నడపకూడదు. ఆగిన ప్రతిచోటా బూటీలు తీసేయాలి. తడిసిన బూటీతో పడుకున్న కుక్కకు పాదం గడ్డకడుతుంది. నదుల మీద ఐసు పైకి ఉబికి వచ్చిన నీళ్లు మంచు కింద కనిపించకుండా ఉంటాయి, జట్టు అందులో దిగితే వెంటనే ఆపి తడి బూటీలు లాగేసి, వేళ్ల సందులు తుడిచి, పొడివి వేయాలి. మెత్తటి కొత్త మంచు, మరీ ముదరని చలి ఉన్నప్పుడు ఉత్త పాదాలతో పరిగెత్తించడమే మంచిది, వేళ్లకు పట్టు దొరుకుతుంది. పందేనికి ముందు వేళ్ల మధ్య వెంట్రుకలు కత్తిరించాలి, గోళ్లు పొట్టిగా ఉంచాలి. చీలికలకు లానోలిన్, జింక్ ఆక్సైడ్ కలిసిన లేపనం రాస్తారు. అది మజిలీలో, కుక్క పడుకున్నప్పుడు. బయల్దేరే ముందు దట్టంగా పూస్తే అరిపాదం మెత్తబడి త్వరగా అరుగుతుంది.

హార్నెస్, అంటే బండి లాగడానికి కుక్క ఒంటికి తొడిగే పట్టీల సంగతి మన పల్లెటూరి రైతుకు వేరే చెప్పనక్కర్లేదు. కాడి సరిగ్గా కూర్చోక ఎద్దు మెడ పుండైనట్టే ఇక్కడా అవుతుంది. మెడ దగ్గర హార్నెస్ తలకు కాస్త కష్టంగా దూరేలా ఉండాలి. వదులుగా ఉంటే లాగినప్పుడు వెనక్కి జారి గొంతు మీద పడుతుంది. వెనక కొస తోక మొదటిదాకా రావాలి. కొలత పెద్దదైతే చంకల్లో రాసి వెంట్రుకలు ఊడి చర్మం లేస్తుంది, కాబట్టి మజిలీలో చేయి పెట్టి మొదట తడమాల్సింది చంకలే. ఒంట్లో కొవ్వు తగ్గేకొద్దీ అదే హార్నెస్ వదులవుతుంది, పందెం మొదట్లో సరిపోయింది చివరిదాకా సరిపోతుందని అనుకోకూడదు. నడిమి తాడుకు రెండు వైపులా జంటలుగా కట్టే పద్ధతి అలాస్కాలోది. గ్రీన్‌లాండ్‌లో సముద్రపు ఐసు మీద ఒక్కో కుక్కకు ఒక్కో తాడు ఇచ్చి విసనకర్రలా విప్పి నడుపుతారు. ఐసు పగిలితే బరువంతా ఒకే చోట పడదు. కానీ తాళ్లు అల్లుకుపోతాయి, గంటగంటకూ ఆపి చిక్కు తీయకపోతే కాలికి చుట్టుకున్న తాడు నరాన్నీ కండరాన్నీ నలిపేస్తుంది.

ఇక తిండి. పందెంలో ఒక్కో కుక్కకు రోజుకు సుమారు 10,000 కిలో కేలరీలు కావాలి. అన్నంతో పెంచే మన అలవాటుతో ఒకసారి లెక్క కట్టి చూద్దాం. వండిన అన్నం 100 గ్రాములకు 130 కిలో కేలరీలు. ఆ లెక్కన దాదాపు 7.7 కిలోల అన్నం, కుక్క బరువులో మూడో వంతు. ఏ కడుపూ పట్టదు. గొడ్డు కొవ్వు 100 గ్రాములకు 850 పైనే ఇస్తుంది. అందుకే అక్కడి మేతలో కేలరీల్లో సగానికి పైగా కొవ్వు నుంచే వస్తాయి. గొడ్డు మాంసం, కోడి తోలు, సాల్మన్, బీవర్ మాంసం, వాటితోపాటు కొవ్వు ఎక్కువున్న పొడి మేత. కొవ్వు పెంచుతూ మాంసకృత్తులు తగ్గించేస్తే మాత్రం కండరాలు, కీళ్ల దెబ్బలు పెరుగుతాయి, రక్తం పలచబడుతుంది. స్లెడ్ కుక్కల మీద జరిగిన మేత పరిశోధనల్లో ఇది తేలింది. ఇంత కొవ్వు కడుపు తట్టుకోవాలంటే ఆగస్టు, సెప్టెంబరు నుంచే వారం వారం పెంచుకుంటూ రావాలి. పందెం ముందు ఒక్కసారిగా పెంచితే విరేచనాలు పట్టుకుంటాయి, విరేచనాలతో నీరు పోతుంది, నీరు పోతే పాదాల నుంచి కండరాల దాకా అన్నీ దెబ్బతింటాయి.

నీళ్లే అన్నిటికన్నా చిక్కు. చుట్టూ మంచే కదా, తినేస్తుంది అనుకుంటారు. దప్పిక తీరేంత మంచు తినాలంటే దాన్ని ఒంట్లో కరిగించడానికే బోలెడు వేడి ఖర్చవుతుంది, పైగా అది ఎంత తిన్నా చాలదు. పది లీటర్ల పొడి మంచు కరిగిస్తే సుమారు ఒక లీటరు నీళ్లు వస్తాయి. ఒక్కో కుక్కకు పూటకు లీటరున్నర చొప్పున 14 కుక్కలకు 21 లీటర్లు, అంటే 200 లీటర్లకు పైగా మంచు తవ్వి కరిగించాలి. ఇడిటరాడ్ నిబంధనల్లో మూడు గ్యాలన్ల (సుమారు 11 లీటర్ల) నీళ్లు కాచగల పొయ్యి, గిన్నె తప్పనిసరి సామానుగా ఉన్నది ఇందుకే. పరుగులో ఉన్న కుక్క ఉత్త నీళ్లు తాగదు. గోరువెచ్చటి నీళ్లలో మాంసం ముక్కలో చేపల రసమో కలిపి, వాసన పట్టించి తాగించాలి. మెడ మీది చర్మం పట్టి లాగి వదిలితే టక్కున వెనక్కి పోవాలి. చిగుళ్లు తడిగా, వేలికి జారుతున్నట్టు ఉండాలి. అంటుకున్నట్టు అనిపిస్తే ఆ కుక్కకు ఒంట్లో నీరు తగ్గిపోయినట్టే.

మజిలీ చేరగానే పని వరస ఇలా ఉంటుంది. బండిని కొక్కేలతో మంచులో నాటి, బూటీలు తీసి, నడుము దగ్గరి తాళ్లు విప్పి, గడ్డి పరిచి, గడ్డకట్టిన సాల్మన్ ముక్కో కొవ్వు ముక్కో వెంటనే ఒక్కోదానికి విసరాలి. తర్వాత మంచు కరిగించి, మేత నానబెట్టి, చిక్కటి గంజిలా పోయాలి. తిన్నాక పాదాలు చూసి, భుజాలూ మణికట్లూ మర్దన చేసి, వాచినచోట పట్టీ చుట్టాలి. మనిషి పడుకునేది ఆ తర్వాతే, ఆ ఐదారు గంటల మజిలీలో గంటో గంటన్నరో. బయల్దేరే ముందు కడుపు నిండా పెట్టకూడదు, రసం తాగించడం రెండు గంటల ముందే ముగించాలి. పరుగు మధ్యలో గంటకో రెండు గంటలకో చిన్న ముక్కలు చాలు. గడ్డి అంటే గోధుమ, బార్లీ కోత తర్వాత మిగిలే బోలు గడ్డి. పచ్చగడ్డి ఎండబెట్టినది పనికిరాదు, తేమ పట్టి బూజు వస్తుంది. దుప్పట్లు మరీ ప్రమాదం, ఒంటి వేడికి తడిసి మళ్లీ గడ్డకట్టి పలకలా మారతాయి.

ఇంత చేసినా కడుపులో పుండ్లు వస్తాయి. పందెం తర్వాత గొట్టపు కెమెరాతో చూస్తే దాదాపు సగం కుక్కల కడుపు పొరలో పుండ్లో రక్తపు చారలో కనిపించాయని పరిశోధనలు చెబుతున్నాయి. పైకి ఏ లక్షణమూ ఉండదు. ఎప్పుడూ గబగబా తినే కుక్క ఒక పూట వాసన చూసి పక్కకు తిరిగిందంటే అదే మొదటి కబురు. మలం నల్లగా తారులా ఉంటే రక్తం కారుతున్నట్టు. ఒమెప్రజోల్ లాంటి ఆమ్లం తగ్గించే మందు మేతకు ముందు ఖాళీ కడుపున ఇస్తే ఈ పుండ్లు తగ్గుతాయి, ఇప్పుడు చాలా జట్లకు ఇస్తున్నారు. కుంటు తగ్గించే నొప్పి మాత్రలు ఇవ్వడాన్ని పందేల్లో నిషేధించారు. ఒకటి, నొప్పిని దాచి పరిగెత్తించడం అన్యాయం. రెండు, అవే మాత్రలు ఈ పుండ్లను రక్తం కారేదాకా తీసుకెళ్తాయి. వాంతి చేసుకుంటూ పరిగెత్తే కుక్క ఆ పదార్థాన్ని ఊపిరితిత్తుల్లోకి పీల్చుకుంటే న్యుమోనియా వస్తుంది. పందేల్లో చనిపోయిన కుక్కల శవపరీక్షల్లో ఈ న్యుమోనియా, కడుపులో రక్తస్రావం మాటిమాటికీ కనిపించే కారణాలు. చలికి బిగుసుకుపోయి చనిపోవడం అరుదు. మూడోది కండరాలు విచ్ఛిన్నమయ్యే ర్యాబ్డోమయోలిసిస్. నడక కర్రలా బిగుస్తుంది, మూత్రం కాఫీ రంగులో వస్తుంది. అక్కడితో ఆ కుక్క పందెం అయిపోయినట్టే, వెంటనే సెలైన్ ఎక్కించకపోతే మూత్రపిండాలు పోతాయి.

దారిలో పశువైద్యులు ఏం చూస్తారో కూడా చెబుతాం. ఇడిటరాడ్‌లో ప్రతి కుక్కకూ ముందే ఈసీజీ, రక్తపరీక్ష చేస్తారు, టీకాలు, నట్టల మందు, చర్మం కింద గుర్తింపు చిప్ ఉండాల్సిందే. మజిలీల్లో గుండె, ఒంట్లో నీరు, ఉత్సాహం, ఆకలి, బరువు, ఊపిరితిత్తులు అనే వరసలో చూసుకుంటూ పోతారు. మషర్ వెంట ఉండే కుక్కల డైరీలో రాసి సంతకం చేస్తారు. 24 గంటల విశ్రాంతి ఒకటి, ఎనిమిదేసి గంటలవి రెండు తప్పనిసరి. 16 కుక్కల దాకా కట్టి బయల్దేరినా కనీసం ఐదు గమ్యం చేరితే చాలు. అలసినవాటిని మజిలీలో వదిలేస్తే స్వచ్ఛందంగా పనిచేసే పైలట్లు చిన్న విమానాల్లో వెనక్కి తీసుకొస్తారు. చాలా ఏళ్లపాటు ఆంకరేజ్ దగ్గరి మహిళా జైలులో ఖైదీలే వాటిని చూసుకునేవారు. కుక్కను వదిలేయడం ఓటమి అనుకునే మషర్ కన్నా, రెండో మజిలీలోనే అనుమానం వచ్చిన రెండింటిని వదిలేసేవాడు మంచి మషర్ అని మా లెక్క. ఇంత చూసుకున్నా 2024 పందెంలో మూడు కుక్కలు చనిపోయాయి. ఆ మాట దాచిపెట్టి ఈ పందేల్ని సమర్థించేవాళ్లతో మేం ఏకీభవించం.

ఒక చిన్న విషయం, పశువైద్య విద్యార్థుల కోసం. బాగా శిక్షణ పొందిన స్లెడ్ కుక్క రక్తంలో థైరాయిడ్ హార్మోన్ మామూలు కుక్కల కొలతకన్నా తక్కువే ఉంటుంది. రిపోర్టు చూసి జబ్బని మందు మొదలుపెట్టకండి.

ఇప్పుడు వేసవి నెలల సంగతి. పందెం ఏడాదిలో తొమ్మిది పది రోజులు. మిగతా కాలమంతా కుక్క ఉండేది ఆవరణలోనే. ఎక్కువ చోట్ల ఒక స్తంభానికి, చుట్టూ తిరిగే కొండీతో, సుమారు రెండు మీటర్ల గొలుసు కడతారు. పక్క కుక్కతో ముట్టె ముట్టె ఆనించేంత దూరం ఉండాలి, గొలుసులు చిక్కుపడేంత దగ్గర ఉండకూడదు. గొలుసు పద్ధతి మీద పెద్ద వాదమే ఉంది. జంతుహక్కుల సంఘాలు పూర్తిగా వద్దంటాయి, మషర్లు కంచె దొడ్లలో కొట్లాటలు, నట్టలు ఎక్కువని అంటారు. రెండింటిలోనూ నిజం ఉంది. రోజులో ఎన్ని గంటలు విప్పుతున్నారన్నదే అసలు ప్రశ్న. గొలుసు పొడవునా నేల గుండ్రంగా గుంటపడి బురదగా ఉంటే ఆ కుక్కను విప్పడం లేదని అర్థం. గూడు నేల నుంచి కాస్త ఎత్తులో, గాలికి ఎదురుకాని వైపు చిన్న ద్వారంతో, కుక్క తిరిగి పడుకునేంత వెడల్పుతో ఉండాలి. మరీ పెద్దగా ఉంటే దాని ఒంటి వేడికి గూడు వెచ్చబడదు. మలం రోజూ ఎత్తాలి. వేసవిలో చెవి కొసలు కొరికే ఈగలకు మందు, నీడ, నీళ్లు కావాలి. పచ్చి చేప పెట్టేచోట బద్దె పురుగు మందు క్రమం తప్పకూడదు. గ్రీన్‌లాండ్‌లో స్లెడ్ కుక్కల ప్రాంతాల్లోకి వేరే జాతి కుక్కను తేవడాన్నే చట్టం ఒప్పుకోదు, అయినా అక్కడ డిస్టెంపర్ అనే కుక్కల అంటురోగం వచ్చినప్పుడు ఊళ్లకు ఊళ్లు కుక్కల్ని పోగొట్టుకున్నాయి. ఆ రోగం సీల్ జంతువులకు అంటుతుందన్న భయంతోనే అంటార్కిటికాలో స్లెడ్ కుక్కల్ని 1994 నాటికి పూర్తిగా బయటికి పంపేశారు.

పని అయిపోయిన కుక్కను ఏం చేస్తారన్నది అందరూ దాటేసే ప్రశ్న. కెనడాలో విస్లర్ దగ్గర 2010 వింటర్ ఒలింపిక్స్ తర్వాత గిరాకీ తగ్గిందని, ఒక పర్యాటక వ్యాపారంలోని కుక్కల్ని వంద దాకా చంపేశారన్న వార్త 2011లో బయటపడింది. తవ్వితే 50కి పైగా కళేబరాలు దొరికాయి. ఆ తర్వాతే బ్రిటిష్ కొలంబియా ప్రభుత్వం స్లెడ్ కుక్కల కోసం ప్రత్యేక నియమావళి తెచ్చింది. అక్కడ జరిగినదానికి కారణం క్రూరత్వం ఒక్కటే అనుకుంటే పొరపాటు. ఒక సీజనులో టికెట్లు అమ్ముడవుతాయని కుక్కల్ని పెంచడం, అవి 12, 14 ఏళ్లు బతుకుతాయన్న లెక్క వేయకపోవడం. తొమ్మిది, పదేళ్లకు పరుగు మానేసిన కుక్కకు ఇల్లు వెతకడం, కాన్పులు అదుపులో ఉంచడం ఖర్చుతో కూడిన పనులే. ఆ ఖర్చు టికెట్ ధరలో కలవకపోతే దాన్ని కుక్క భరిస్తుంది.

ధ్రువకాంతులు చూడటానికి ఫెయిర్‌బ్యాంక్స్‌కో, నార్వేలో ట్రోమ్సోకో, ఫిన్లాండ్‌లో రోవనియెమికో వెళ్లే మనవాళ్లు స్లెడ్ సవారీ టికెట్ కొనే ముందు కొన్ని అడగొచ్చు. ముసలి కుక్కల్ని ఏం చేస్తారు? ఎవరూ చెప్పలేకపోతే అక్కడితో వదిలేయండి. రోజుకు ఒక్కో కుక్క ఎన్ని సవారీలు చేస్తుంది, మధ్యలో ఎంతసేపు పడుకుంటుంది? ఎన్ని డిగ్రీలు దాటితే సవారీ ఆపేస్తారు? ఆవరణ చూపించమనండి. బయల్దేరే ముందు అవి ఎగిరెగిరి అరవడం చూసి హింస అనుకోవద్దు, అది తొందర. అరవకుండా, తలవంచుకుని, తోక ముడిచి నిలబడ్డదాన్ని చూడండి. మెడ దగ్గర, చంకల్లో వెంట్రుకలు ఊడాయా, పక్కటెముకలు చేతికి తగులుతున్నాయా అన్నది చూడండి. కాస్త తగలడం ఆరోగ్యమే, నడుము ఎముకలు పైకి పొడుచుకు రావడం కాదు. మీ ముగ్గురు పిల్లల్నీ మిమ్మల్నీ ఒకే బండిలో కూర్చోబెట్టి ఐదు కుక్కలు కడుతుంటే దిగిపోవడానికి మొహమాటపడకండి.

హైదరాబాద్, విజయవాడల్లో సైబీరియన్ హస్కీలను పెంచేవాళ్లకూ ఒక మాట. పైన రాసిన కొవ్వు మేత వాటికి పెట్టొద్దు. పరిగెత్తని కుక్కకు ఆ తిండి ఊబకాయాన్ని, క్లోమం వాపును తెస్తుంది. మే నెలలో బొచ్చు గొరిగించొద్దు, ఎండ నేరుగా చర్మానికి తగులుతుంది. రాలిపోయే లోపలి ఉన్నిని దువ్వెనతో తీసేస్తే చాలు. నడక తెల్లవారకముందే ముగించండి. రోడ్డు మీద మీ అరచేయి ఐదు సెకన్లు ఆనించలేకపోతే దాని పాదాలూ ఆనించలేవు. కళ్ల చుట్టూ, మూతి చుట్టూ పొట్టులా పక్కులు కడుతుంటే తామర అని మలాములు మార్చుకుంటూ పోకుండా జింక్ లోపం ఉందేమో వైద్యుణ్ని అడగండి. ఈ జాతిలో కొన్నింటికి జింక్‌ను ఒంటపట్టించుకోవడంలో పుట్టుకతో వచ్చే లోపం ఉంటుంది.

మీ పత్రికకు మా విన్నపం ఒకటే. వచ్చే మార్చిలో ఈ పందెం వార్త వేసేటప్పుడు గెలిచినవాడి పేరు, పట్టిన సమయంతోపాటు ఆ జట్టు ఎన్ని కుక్కలతో బయల్దేరింది, ఎన్నింటితో గమ్యం చేరింది, మొత్తం పందెంలో ఎన్ని కుక్కలు చనిపోయాయి, ఏ కారణంతో అన్న నాలుగు విషయాలు కూడా ప్రచురించండి. కారణం అదే రోజు తెలియదు, శవపరీక్ష ఫలితానికి కొన్ని వారాలు పడుతుంది. కనుక ఏప్రిల్‌లో మరో చిన్న వార్తకు చోటు ఉంచండి.

ఇట్లు,
స్లెడ్ కుక్కల వైద్యంలో ఉన్న కొందరు తెలుగు పశువైద్యులు,
అలాస్కా